నిలబడే హక్కు ఎవరిది?

ఈమధ్య పెళ్ళి ఆల్బమ్‌లలో ఒక తరహా ఫోటో తరచుగా కనిపిస్తోంది. జనంతో కిటకిటలాడే వీధి. దాని మధ్యలో పెళ్ళి కాబోతున్న అమ్మాయి, అబ్బాయి కదలకుండా నిలబడి ఒకరినొకరు చూసుకుంటూ ఉంటారు. వాళ్ళిద్దరి ముఖాలు, బట్టల మీది పనితనం, ఆమె చేతి గాజులు అన్నీ స్పష్టంగా ఉంటాయి. చుట్టూ ఉన్న జనం మాత్రం పొగమంచులాగా, రంగుల చారల్లాగా చెదిరిపోయి ఉంటారు. ఎవరి ముఖమూ ఆనవాలు దొరకదు. హైదరాబాదులో ఇలాంటి ఫోటోలకి చార్మినార్ పరిసరాలు చాలామంది ఎంచుకునే చోటు.

"ఇదంతా డబ్బున్నవాళ్ళ సరదా. స్త్రీల హక్కుల పత్రికలో దీని గురించి మాట్లాడటానికి ఏముంది?" అని ఎవరైనా అడగొచ్చు. నా ఉద్దేశంలో చాలా ఉంది. వీధిలో ఎవరు నిలబడొచ్చు, ఎవరితో నిలబడొచ్చు, ఎవరి అనుమతితో నిలబడొచ్చు అనే మూడు ప్రశ్నలూ ఆ ఒక్క ఫోటోలో ఇమిడి ఉన్నాయి.

ముందు ఆ ఫోటో ఎలా తీస్తారో చెప్పుకోవాలి. కెమెరాలో షట్టర్ అనే తలుపు తెరుచుకున్నంతసేపే వెలుతురు లోపలికి వెళ్తుంది. మామూలు ఫోటోలకి అది సెకనులో వందో వంతో, రెండువందలో వంతో మాత్రమే తెరుచుకుంటుంది. అందుకే నడిచేవాళ్ళు కూడా ఆగిపోయినట్టు ఫోటోలో పడతారు. ఈ తరహా ఫోటోలకి దాన్ని అర సెకను, ఒక్కోసారి ఒక సెకను దాకా తెరిచి ఉంచుతారు. మామూలుగా నడిచే మనిషి అర సెకనులో సుమారు 60 సెంటీమీటర్లు ముందుకి వెళ్తారు. ఆ కదలికంతా ఒకే బొమ్మలో పరుచుకుని మనిషి చెదిరిపోతారు. కదలనివాళ్ళు నిలిచిపోతారు. చేతిలో ఉంటే కెమెరా కూడా కదులుతుంది కాబట్టి దాన్ని మూడు కాళ్ళ స్టాండు మీద పెడతారు. పగటిపూట అంతసేపు తెరిస్తే బొమ్మ తెల్లబారిపోతుంది కాబట్టి లెన్సు ముందు నల్లద్దం లాంటి ఫిల్టర్ బిగిస్తారు. దీపాలు పెట్టే వేళ అయితే పని కాస్త తేలిక.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. పెళ్ళికూతురెవరో, దారినపోయే దానయ్య ఎవరో కెమెరాకి తెలీదు. కదలకుండా ఉన్నవాళ్ళెవరైనా సరే స్పష్టంగా పడతారు. ఫోటోగ్రఫీ పుట్టిన రోజుల్లోనే ఈ సంగతి బయటపడింది. 1838లో డాగేర్ అనే ఫ్రెంచివాడు పారిస్‌లోని ఒక రద్దీ వీధిని ఫోటో తీశాడు. అప్పటి కెమెరాలకి కొన్ని నిమిషాలు పట్టేది. వీధిలో తిరుగుతున్న బళ్ళు, మనుషులు ఒక్కరూ ఫోటోలో పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకోవటానికి ఒక మూల కాలు పెట్టి నిలబడ్డ మనిషి ఒక్కడే స్పష్టంగా మిగిలాడు. ఆయన కాళ్ళ దగ్గర వంగి పని చేస్తున్న మనిషి మసకగా ఉన్నాడు. ఫోటోలో కనిపించిన మొట్టమొదటి మనుషులు వీళ్ళేనని చరిత్రకారులు చెబుతుంటారు. ఒకరికి సేవ చేయించుకుంటూ నిలబడే తీరిక ఉంది, ఇంకొకరికి చేతులు ఆడిస్తే తప్ప గడవదు. ఫోటోలో ఎవరి రూపం నిలిచిందనేది ఆ తీరికని బట్టి తేలిపోయింది.

మన ఊళ్ళలో వీధిని అలా ఫోటో తీస్తే ఎవరు మిగులుతారు? టీకొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడ్డ మగవాళ్ళు, పాన్‌డబ్బాకి ఆనుకున్నవాళ్ళు, మోటారు సైకిలు మీద వెనక్కి వాలి కబుర్లు చెప్పుకునే కుర్రాళ్ళు. వాళ్ళని "ఇక్కడెందుకున్నావు?" అని అడిగేవాళ్ళు తక్కువ. స్త్రీలలో మిగిలేది ఎక్కువగా కూరగాయలు, పూలు అమ్ముకునేవాళ్ళే. మిగతా స్త్రీలు పుస్తకాల సంచితోనో, టిఫిన్ క్యారియర్‌తోనో, చంటిబిడ్డతోనో నడిచిపోతూ చెదిరిపోయి ఉంటారు. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే ముంబయిలో చేసిన పరిశోధన ఆధారంగా 2011లో 'వై లాయిటర్?' అనే పుస్తకం రాశారు. స్త్రీ బయట కనిపించాలంటే ఏదో ఒక పని మీద ఉన్నట్టు నిరూపించుకుంటూ ఉండాలనీ, పనేమీ లేకుండా వీధిలో ఊరికే ఉండగలగటం కూడా పౌరసత్వంలో భాగమేననీ వాళ్ళు వాదించారు. బస్టాపులో ఒంటరిగా నిలబడినప్పుడు ఫోన్ రాకపోయినా చెవి దగ్గర పెట్టుకునే ప్రతి అమ్మాయికీ ఈ మాట వివరించనక్కర్లేదు.

మన పెంపకంలో ఉన్న వైరుధ్యాన్ని చూడండి. ఇంట్లో ఆడపిల్లని "కుదురుగా ఒకచోట ఉండు" అంటారు. అదే పిల్ల గడప దాటితే "ఎక్కడా నిలబడకుండా తిన్నగా ఇంటికి రా" అంటారు. ఇంట్లో కదలకూడదు, వీధిలో ఆగకూడదు. రెండు ఆజ్ఞలూ ఒకే పితృస్వామ్యానివి. రెండింటి వెనకా ఉన్న భయం కూడా ఒకటే: "నలుగురూ ఏమనుకుంటారు?"

ఈ నేపథ్యంలో నెమ్మది షట్టర్ ఫోటోని చూస్తే అది మన అమ్మాయిలకి ఎందుకు అంత నచ్చుతోందో నాకు అర్థమవుతుంది. ఆ ఫోటోలో "నలుగురూ" ఉన్నారు, కానీ వాళ్ళకి కళ్ళు లేవు. ముఖాలు లేవు. వేలెత్తి చూపే చెయ్యి లేదు. నడివీధిలో, నచ్చిన మనిషి పక్కన, ఎవరి చూపూ తనమీద పడకుండా నిలబడి ఉన్న స్త్రీ ఆమె. అది ఎంతో మామూలు కోరిక. మన సమాజంలో తీరటం ఎంతో కష్టమైన కోరిక కూడా.

అయితే ఆ కోరిక ఏ షరతుల మీద తీరుతోంది? ఒక సాయంత్రం చార్మినార్ దగ్గర ఇలాంటి షూటింగ్ ఒకటి మొదటినుంచి చివరిదాకా చూశాను. ఫోటోగ్రాఫర్, ఇద్దరు సహాయకులు, పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, అమ్మాయి వెంట వచ్చిన పిన్ని. ఒక్క ఫోటో కోసం ఇరవై ముప్పైసార్లు షట్టర్ నొక్కారు. "మేడం, కదలొద్దు. మేడం, పైట ఎగురుతోంది, పట్టుకోండి. మేడం, ఊపిరి బిగబట్టండి" అని ఆ కుర్రాడు చెబుతూనే ఉన్నాడు. అబ్బాయికి "సార్, అలాగే ఉండండి" అనటం తప్ప ఇచ్చిన సూచనలు తక్కువ. ప్యాంటూ చొక్కా గాలికి ఎగరవు. చీర ఎగురుతుంది, జడ కదులుతుంది, జుంకాలు ఊగుతాయి. ఆమెని అలంకరించిన ప్రతి వస్తువూ ఆమె అదుపులో పెట్టుకోవలసిన వస్తువే. నిశ్చలత ఇద్దరిదీ అయినా దాని బరువు ఆమె మీద ఎక్కువ పడింది.

మధ్యలో విరామం దొరికినప్పుడు ఆ అమ్మాయితో మాట్లాడాను. "ఆంటీ, ఇదే ఊళ్ళో పుట్టి పెరిగాను. కానీ ఇక్కడ ఇంతసేపు నిలబడటం ఇదే మొదటిసారి. ఎప్పుడొచ్చినా లాడ్ బజార్లో గాజులు కొనుక్కుని పరిగెత్తటమే" అంది నవ్వుతూ. పక్కనున్న పిన్ని అందుకుంది: "ఎంగేజ్‌మెంట్ అయిపోయింది కదండీ, ఇంక పర్లేదు. లేకపోతే ఇలా పంపిస్తామా?"

ఆ ఒక్క మాటలో మొత్తం ఏర్పాటు ఉంది. కులం, కట్నం, జాతకం, ఇరువైపుల పెద్దల మాట అన్నీ కుదిరాక, ముహూర్తానికి కొన్ని రోజుల ముందు, ఒక సాయంత్రానికి వీధి ఆమెది అవుతుంది. "నలుగురూ" ఫోటోలో మాయం కావటానికి ముందు ఆ నలుగురూ ఆమోదం తెలిపి ఉండాలి. చార్మినార్ కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్ షాకీ, భాగమతికీ ముడిపెట్టి చెప్పుకునే ప్రేమకథని గర్వంగా తలుచుకునే నగరంలో, జంటగా నిలబడటానికి కావలసిన అసలు పత్రం శుభలేఖ.

అదే చోట ఇంకొకటి జరిగింది. జంటకి కాస్త వెనకగా ఒక ముసలామె పూలబుట్ట పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె కదలకుండా కూర్చుంటుంది కాబట్టి ఫోటోలో ఆమె కూడా స్పష్టంగా పడుతోంది. "అమ్మా, జర పక్కకి జరుగు, ఫోటోల పడుతున్నవ్" అన్నాడు సహాయకుడు. "యాడికి జరగాలె బిడ్డా, రోజూ కూసునే జాగ ఇదే గద" అంటూనే ఆమె బుట్ట ఎత్తుకుని గోడవారకి వెళ్ళింది. అర సెకను ఫోటో కోసం ఆమెకి అరగంట బేరం పోయింది. వీధి వ్యాపారుల జీవనోపాధిని కాపాడటానికి 2014లో పార్లమెంటు చట్టం చేసింది. కానీ ఆ వీధిలో బతుకుతున్న స్త్రీ, వీధిని ఒక సాయంత్రం అరువు తెచ్చుకున్న స్త్రీకి అడ్డంగా మారింది. ఇద్దరికీ ఒకే వీధి మీద హక్కుందన్న ఆలోచన అక్కడ ఎవరికీ రాలేదు. ఆ అమ్మాయిని తప్పుపట్టటం నా ఉద్దేశం కాదు. ఎవరిని చూపించాలి, ఎవరిని తప్పించాలి అని నిర్ణయించే చూపు మన వర్గ సమాజానిది.

ఫోటోలో జంట ఎలా కనిపించాలనేదానికి మన దగ్గర చరిత్ర ఉంది. 1892లో రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో పర్దా పాటించే స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచారు. పరపురుషుల కంట పడకుండా ఫోటో దిగేందుకు వీలుగా దాన్ని కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ చూసుకునేది. ఆ తర్వాతి తరాల్లో మన ఇళ్ళ గోడల మీద భర్త కుర్చీలో కూర్చుంటే భార్య పక్కన నిలబడిన ఫోటోలు వేలాడేవి. జనానా నుంచి నడివీధికి రావటానికి నూరేళ్ళు దాటింది. ఇది చిన్న ప్రయాణమేమీ కాదు. కానీ గోడలు పోయినచోట అనుమతులు మిగిలాయి.

ఆ అనుమతి లేనివాళ్ళ సంగతేమిటో చూద్దాం. 2021 ఆగస్టులో హైదరాబాదు ఇందిరా పార్కు గేటు దగ్గర పెళ్ళికాని జంటలకి లోపలికి ప్రవేశం లేదంటూ బ్యానర్ కట్టారు. నిరసన వచ్చాక తీసేశారు. 2019 ఫిబ్రవరి 14న నగర శివార్లలోని ఒక పార్కులో ప్రేమికుల రోజుని వ్యతిరేకించే కార్యకర్తలు ఒక జంటని పట్టుకుని బలవంతంగా తాళి కట్టించిన వీడియో బయటికొచ్చింది. బహిరంగ స్థలంలో అశ్లీల చర్యకి భారత శిక్షా స్మృతిలో 294వ సెక్షన్ ఉండేది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 296వ సెక్షన్ అయింది. అంకె మారింది కానీ ఏది అశ్లీలమో చట్టం చెప్పకపోవటం మారలేదు. చేతిలో చెయ్యి వేసుకుని కూర్చున్నవాళ్ళని బెదిరించటానికి ఆ అస్పష్టత చాలు. పెళ్ళి ఫోటో కోసం అదే భంగిమలో నిలబడితే జనం పక్కకి తప్పుకుని దారి ఇస్తారు.

ఇంకా బరువైన విషయం చెప్పక తప్పదు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్యని ఆసుపత్రిలో చూపించి బయటికి వస్తున్న ప్రణయ్‌ని అందరూ చూస్తుండగా నరికి చంపారు. దళితుడైన అతన్ని కూతురు పెళ్ళి చేసుకోవటం భరించలేక ఆమె తండ్రి చేయించిన హత్య అది. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. 2022 మే 4 రాత్రి హైదరాబాదు సరూర్‌నగర్‌లో నాగరాజు అనే దళిత యువకుణ్ణి, ముస్లిం అయిన అతని భార్య కళ్ళముందే, ఆమె అన్న మరొకరితో కలిసి చంపాడు. అది కూడా రద్దీ రోడ్డే. కాళ్ళా వేళ్ళా పడినా ఎవరూ ముందుకి రాలేదని ఆమె తర్వాత చెప్పింది. ఫోన్లలో తీసిన వీడియోలు మాత్రం దేశమంతా చూసింది.

నగరం నడివీధిలో ఒక జంట, చుట్టూ జనం. పెళ్ళి ఆల్బమ్‌లో జంట నిలబడి ఉంటుంది, జనం కదిలిపోతూ ఉంటారు. సరూర్‌నగర్‌లో జనం నిలబడిపోయారు. ఒక స్త్రీ భర్తని కాపాడుకోవటానికి ఒంటరిగా పెనుగులాడింది. ఈ రెండు దృశ్యాల మధ్య తేడా కెమెరాది కాదు. ఒక జంటకి నలుగురి ఆమోదం ఉంది, రెండో జంటకి లేదు. హిందూ తండ్రి కావచ్చు, ముస్లిం అన్న కావచ్చు, స్త్రీ ఎవరి పక్కన నిలబడాలో తామే నిర్ణయించాలనే విషయంలో అన్ని మతాల పితృస్వామ్యం ఒకే భాష మాట్లాడుతుంది. కులం ఆ భాషకి కత్తి అందిస్తుంది.

చట్టం వైపు చూస్తే, శక్తివాహిని కేసులో 2018 మార్చి 27న సుప్రీంకోర్టు, వయసొచ్చిన ఇద్దరు ఇష్టపడి చేసుకునే పెళ్ళికి కుటుంబం అనుమతిగానీ కులం అనుమతిగానీ అవసరం లేదని స్పష్టంగా చెప్పింది. ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగాలు పెట్టాలనీ, ప్రమాదంలో ఉన్న జంటలకి సురక్షిత గృహాలు ఏర్పాటు చేయటాన్ని పరిశీలించాలనీ ప్రభుత్వాలకి చెప్పింది. మరోవైపు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం, మతాంతర వివాహం చేసుకోదలచినవాళ్ళ పేర్లు, చిరునామాలతో నోటీసుని రిజిస్ట్రారు కార్యాలయంలో అందరికీ కనపడేలా 30 రోజులు పెట్టమంటుంది. నోటీసు బయటపెట్టటం జంట ఇష్టానికే వదలాలని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు అన్నా, చట్టం మాత్రం మారలేదు. దాక్కోవలసిన జంటని ప్రభుత్వమే నెలరోజులు గోడ మీద నిలబెడుతోంది. వీధిలో క్షేమంగా నిలబడే వీలు కల్పించవలసిన ప్రభుత్వం చేసే పని ఇదా?

ఈ ఫోటోల మీద మన ఉద్యమాల్లో వినిపించే విమర్శ నాకు తెలుసు. పెళ్ళి ఖర్చుకి ఇది ఇంకొక తోక అనీ, ఆ భారం చాలాచోట్ల అమ్మాయి తల్లిదండ్రుల మీదే పడుతుందనీ, పెళ్ళిని సినిమా చేసి అమ్ముతున్నారనీ అంటారు. అందులో నిజముంది. కానీ వీటిని నిషేధించాలని తీర్మానాలు చేస్తున్న కుల సంఘాల అభ్యంతరం వేరు. వాళ్ళకి ఖర్చు కన్నా పెళ్ళికి ముందు ఇద్దరూ కలిసి తిరగటమే కంటగింపు. మనం ఖర్చుని విమర్శిస్తూ పొరపాటున వాళ్ళ పక్కన నిలబడకూడదు. అమ్మాయిల కోరికని వెక్కిరించటం సులువు. ఆ కోరికకి పెళ్ళి తప్ప వేరే దారి లేకుండా చేసినవాళ్ళని ప్రశ్నించటం కష్టం. మన పని ఆ రెండోది.

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. 2023 డిసెంబరులో తెలంగాణలో, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకి ఉచిత ప్రయాణం మొదలైంది. వేలమంది స్త్రీలు బయటికి వచ్చారు. బస్సు దిగాక వాళ్ళు ఎక్కడ నిలబడాలి? కూర్చోవటానికి బెంచీ, రాత్రి వెలిగే దీపం, తాళం వేసి ఉంచని మరుగుదొడ్డి, నడవటానికి ఫుట్‌పాత్ లేకపోతే వీధి మళ్ళీ దాటిపోయే దారిగానే మిగులుతుంది. పార్కులో ఇద్దరు కూర్చుంటే "మీరిద్దరూ ఏమవుతారు?" అని అడిగే అధికారం పోలీసులకీ, కాపలాదారులకీ, ఏ కార్యకర్తలకీ లేదని ప్రభుత్వం చెప్పాలి. ప్రత్యేక వివాహ చట్టంలో నోటీసు ప్రదర్శన తీసెయ్యాలి. సుప్రీంకోర్టు చెప్పిన సురక్షిత గృహాలు ఎన్ని ఉన్నాయో ప్రతి జిల్లా కలెక్టరునీ మన సంఘాలు లిఖితపూర్వకంగా అడగాలి. పూలమ్మే ఆమె జాగా ఆమెకి చట్టప్రకారం రాసివ్వాలి.

వీటికి తోడు మన ఇళ్ళలో చెయ్యగలిగింది ఒకటుంది. కూతురు ఆలస్యంగా వచ్చినప్పుడు "ఎక్కడ నిలబడ్డావు, ఎవరితో నిలబడ్డావు?" అని మనమే ముందు అడుగుతాం. మనం భయపడేది నిజమైన ప్రమాదానికా, నలుగురి మాటకా అని ఆ క్షణంలో విడదీసి చూసుకోవాలి. ప్రమాదమైతే కలిసి ఎదుర్కోవాలి. నలుగురి మాటైతే, ఆ నలుగురిలో మనమూ ఒకరమని గుర్తుంచుకుని నోరు మూసుకోవాలి.

ఆ అమ్మాయి చార్మినార్ ముందు నిలబడ్డ సాయంత్రం బాగుంది. అలాంటి సాయంత్రాలు ఆమెకి పద్దెనిమిదో ఏటనుంచీ ఉండవలసింది. పెళ్ళి కుదరని అమ్మాయికీ, పెళ్ళి వద్దనుకున్న అమ్మాయికీ, ఇంకో అమ్మాయిని ప్రేమించిన అమ్మాయికీ, భర్త పోయిన స్త్రీకీ కూడా ఉండవలసింది. శుభలేఖ చూపించకుండా ఎవరైనా సరే వీధిలో నిలబడగలిగే రోజు కోసం పనిచెయ్యటం మన బాధ్యత.